సైకిలు క్రాంకు ఎందుకు వదులవుతుంది?

పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో సైకిలుకు వచ్చే జబ్బులన్నిటిలోనూ ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది క్రాంకు వదులు కావడం. ట్యూబు పంక్చరైతే బండి ఆగిపోతుంది, గొలుసు తెగితే దిగి నడవాల్సి వస్తుంది, కాబట్టి ఆ రెండింటికీ వెంటనే మరమ్మతు జరుగుతుంది. క్రాంకు వదులైతే మాత్రం సైకిలు నడుస్తూనే ఉంటుంది, పెడలు తిరిగిన ప్రతి చుట్టులోనూ కాలి కింద టక్కుమని ఒక చిన్న కుదుపు వస్తూ ఉంటుంది, తొక్కేవారు నాలుగు రోజుల్లో ఆ కుదుపుకు అలవాటుపడిపోతారు. ఆ నాలుగు రోజుల్లోనే కొద్దిపాటి ఖర్చుతో పోయే లోపం ముదిరి, క్రాంకునూ ఇరుసునూ కూడా మార్చవలసిన స్థితికి చేరుతుంది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాల కిందికి వెళ్ళిన ఊళ్ళను కూడా కలుపుకొని, నరసరావుపేట మొదలు ఒంగోలు, దర్శి, పొదిలి దాకా పరుచుకున్న ఈ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని, ఈ లోపం ఎలా పుడుతుందో, ఎలా సరిచేయాలో, మళ్ళీ రాకుండా ఏం చేయాలో ఈ ప్రసంగం వివరిస్తుంది.

రేడియోలో బొమ్మ గీసి చూపడానికి వీలుండదు కనుక భాగాల పేర్లను ముందుగా మాటలతోనే గుర్తుపట్టాలి. పాదం మోపేది పెడలు. ఆ పెడలును మోస్తూ గుండ్రంగా తిరిగే ఇనుప చేయి క్రాంకు. పాత రకం పెద్ద సైకిళ్ళలో దాని పొడవు ఆరున్నర అంగుళాలు, అంటే సుమారు 165 మిల్లీమీటర్లు ఉంటుంది. కుడి క్రాంకును, ఎడమ క్రాంకును కలుపుతూ ఫ్రేము అడుగున ఉన్న అడ్డ గొట్టంలో తిరిగే పొట్టి ఉక్కు కడ్డీ ఇరుసు. సైకిలు షాపుల్లో దీన్ని బీబీ యాక్సిల్ అంటారు. ఈ ఇరుసు రెండు వైపులా గిన్నెల్లాంటి కప్పుల మధ్య, వైపుకు 11 చొప్పున పావు అంగుళం గోళీల మీద తిరుగుతుంది. గొలుసును లాగే పళ్ళచక్రం కుడి క్రాంకుకే విడదీయరాకుండా బిగించి ఉంటుంది. ఎడమ క్రాంకుకు అటువంటి తోడు ఏదీ లేదు.

క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఉక్కు మేకు పేరు కాటర్ పిన్ను. మద్రాసులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో కంపెనీలు బ్రిటిష్ నమూనాలో తయారుచేసిన పెద్ద సైకిళ్ళన్నీ ఈ పిన్ను మీదే నడిచాయి; పల్లెల్లో నేటికీ తిరుగుతున్న నల్లరంగు సైకిళ్ళు ఎక్కువగా ఆ కోవకు చెందినవే. చిటికెన వేలికన్నా సన్నంగా, సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందంతో ఉండే ఈ పిన్ను పూర్తిగా గుండ్రంగా ఉండదు. దాని ఒక పక్కను వాలుగా చదును చేసి ఉంచుతారు, సన్నని కొసన మరలు, ఆ మరలకు ఒక వాషరు, ఒక నట్టు ఉంటాయి. ఇరుసు కొసలో కూడా అడ్డంగా ఒక గాడి కోసి ఉంటుంది. క్రాంకు రంధ్రంలోంచి పిన్నును దూర్చినప్పుడు దాని వాలు ముఖం ఇరుసు గాడికి ఆనుకొని, లోపలికి దిగినకొద్దీ మరింతగా బిగుసుకుంటుంది.

ఈ అమరికలో సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, పనిని నట్టు చేస్తున్నదని అనుకోవడం. గొడ్డలి కామ కొసను చీల్చి అందులో దిగగొట్టిన చీలిక గొడ్డలిని ఎలా పట్టి ఉంచుతుందో, క్రాంకును ఈ పిన్ను అలాగే పట్టి ఉంచుతుంది. బిగువంతా వాలు ముఖం ఒత్తిడి వల్ల వచ్చేదే తప్ప మరల వల్ల వచ్చేది కాదు. సుత్తితో దిగిన పిన్ను వెనక్కి జారకుండా కాపలా కాయడమే నట్టు పని. అందుచేత, వదులైన క్రాంకుకు పానా పెట్టి నట్టును బలంగా తిప్పడం వైద్యం కాదు. అలా తిప్పితే సన్నని మరలు అరిగి తెగిపోతాయి, పిన్ను మాత్రం ఉన్నచోటునే ఉంటుంది. దారిన పోయేవాళ్ళకు షాపులో చాలాసార్లు జరిగే మరమ్మతు మాత్రం ఇదే. ఆ సాయంత్రానికల్లా కుదుపు తిరిగి వస్తుంది.

పిన్ను మీద పడే బరువు ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 60 కిలోల మనిషి, క్రాంకు నేలకు సమాంతరంగా ముందుకు చాచి ఉన్న సమయంలో, ఒక పెడలు మీద తన బరువంతా మోపి లేచి నిలబడ్డాడని అనుకోవాలి. ఆ బలం ఇరుసు కేంద్రానికి 165 మిల్లీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. ఇరుసు మందం సుమారు 16 మిల్లీమీటర్లు కనుక దాని అంచు కేంద్రానికి 8 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 165ను 8తో భాగిస్తే 20కి పైగా వస్తుంది, అంటే పెడలు మీద పడిన 60 కిలోలు ఇరుసు అంచు దగ్గరకు వచ్చేసరికి 1,200 కిలోలు దాటుతాయి. వేలెడు మేకు చదును ముఖం ఇంత ఒత్తిడిని చుట్టు చుట్టుకూ ఓర్చుకోవాలి కాబట్టి, ఆ ముఖం గాడికి పూర్తిగా ఆనకుండా ఒక అంచు మీదనే ఆనితే ఆ అంచు నలిగిపోయి, నలిగిన మేరకు సందు ఏర్పడుతుంది; సందు ఉన్నచోట ప్రతి చుట్టులోనూ దెబ్బ పడుతుంది, దెబ్బ పడినకొద్దీ సందు పెరుగుతుంది.

ఇక్కడ గమనించదగ్గ సంగతి మరొకటి ఉంది. కుడికాలి బలం కుడి క్రాంకు నుంచి నేరుగా పళ్ళచక్రానికి వెళ్ళిపోతుంది, ఇరుసును తిప్పవలసిన అవసరం దానికి లేదు. ఎడమకాలి బలం మాత్రం ఎడమ పిన్ను ద్వారా ఇరుసులోకి, ఇరుసు నుంచి కుడి పిన్ను ద్వారా కుడి క్రాంకులోకి, అక్కడి నుంచి పళ్ళచక్రానికి చేరాలి. అంటే రెండు పిన్నులనూ మెలిపెట్టేది ప్రధానంగా ఎడమకాలే. అందువల్ల ఎడమకాలు తొక్కేటప్పుడు కుదుపు తెలిసినంత మాత్రాన లోపం ఎడమ పిన్నులోనే ఉన్నదని నిర్ణయించడం సరికాదు. కుడి పిన్ను వదులైనా కుదుపు ఎడమకాలికే తగులుతుంది. నిక్షేపంగా ఉన్న ఎడమ పిన్నును ఊడగొట్టి మార్చి, అసలు లోపాన్ని అలాగే వదిలేయడం ఈ సంగతి గమనించకపోవడం వల్ల జరిగేదే.

ఎడమ పెడలు మీద భారం మోపడం ఈ ప్రాంతపు సైకిలు అలవాట్లలోనే ఉంది. పెద్ద సైకిలును ఎక్కే పద్ధతి అందరికీ తెలిసినదే: ఎడమ పాదాన్ని ఎడమ పెడలు మీద ఉంచి, కుడికాలితో నేలను రెండు మూడు సార్లు తన్ని, బండి వేగం అందుకోగానే కుడికాలిని సీటు మీదుగా అటు వేస్తారు. పెడలు బాగా కిందికి దిగి ఉన్నప్పుడు ఇలా ఎక్కితే క్రాంకుకు మెలి పడదు, వంపు ఒత్తిడి మాత్రమే పడుతుంది. పెడలును ముందుకు ఉంచి దాని మీద నిలబడి ఆ ఊపుతోనే బండిని కదిలిస్తే ఇందాక లెక్కగట్టిన 1,200 కిలోలూ పిన్ను మీద పడతాయి. వెనక క్యారియరు మీద మరో మనిషిని కూర్చోబెట్టుకొని డబుల్స్ వెళ్ళేటప్పుడు, పాలక్యాన్లు తగిలించుకొని కాలువ గట్టు ఎక్కేటప్పుడు ఈ భారం మామూలైపోతుంది. సీటు అందని పిల్లలు ఫ్రేము త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కే తొక్కుడు మరో రకం చేటు చేస్తుంది. వాళ్ళు చుట్టు పూర్తిచేయకుండా పెడలును సగం దాకా తొక్కి వెనక్కి లాగి మళ్ళీ తొక్కుతారు కాబట్టి పిన్ను అటూ ఇటూ ఊగిసలాడుతుంది. అప్పటికే కొద్దిగా వదులైన పిన్నుకు ఈ ఊగిసలాటకన్నా హాని చేసేది లేదు.

బరువుల విషయంలో ఒక అపోహను తొలగించవలసి ఉంది. కల్లంలో ఎండిన మిరపకాయలను తొక్కి నింపిన టిక్కీ 40 కిలోలకు పైనే తూగుతుంది. పత్తి బోరా బరువు తక్కువైనా బండికి రెండు వైపులా ఉబ్బి ఉంటుంది. వీటిని సైకిలు మీద వేసి పక్కన నడుస్తూ నెట్టుకుపోయే రైతు టైర్లకు, వెనక చక్రపు కమ్మీలకు హాని చేస్తాడేమో గాని క్రాంకుకు ఏ హానీ చేయడు, ఎందుకంటే నెట్టేటప్పుడు పెడళ్ళ మీద బలమే పడదు. అదే టిక్కీని వెనక కట్టుకొని ఎదురుగాలిలో సీటు మీద నుంచి లేచి తొక్కడంతోనే పిన్నుకు కష్టకాలం మొదలవుతుంది.

నేల కూడా తన వంతు చేస్తుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురుగా మారుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఖరీఫ్ వానల్లో పొలం డొంకలో సైకిలు తొక్కితే ఆ మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ముద్దలుగా పేరుకొని చక్రాన్ని పట్టేస్తుంది. పుల్లతో గోకి తీయకుండా అలాగే తొక్కేవారు, బండి కదలడానికి మామూలుకన్నా ఎన్నో రెట్ల బలాన్ని పెడళ్ళ మీద పెట్టవలసి వస్తుంది. అడుగు గొట్టం చుట్టూ మెత్తిన మట్టి తేమను పట్టి ఉంచడంతో పిన్ను క్రాంకు రంధ్రంలో తుప్పు పట్టి అతుక్కుపోతుంది. అతుక్కున్న పిన్ను వదులు కాదు నిజమే గాని, ఇరుసు గోళీలు మార్చవలసి వచ్చిననాడు అది ఊడి రాదు. చీరాల, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి ఈ పనిని మరింత తొందరగా చేస్తుంది. కాలువ గట్ల మీది కంకర బాట కుదుపులకు నట్టు తనంతట తానే మెల్లగా విప్పుకోవడం మరో సమస్య. నట్టు కింద వాషరు లేని సైకిళ్ళలో ఇది ఎక్కువ.

లోపం ఎక్కడుందో తేల్చడానికి ఒక సుద్దముక్క చాలు. ముందుగా క్రాంకులు రెండూ నేలకు సమాంతరంగా ఉండేట్లు తిప్పి, వెనక బ్రేకు గట్టిగా పట్టుకోవాలి. ఇరుసు కొస మీద నుంచి క్రాంకు మీదికి, రెండు వైపులా, తిన్నగా ఒక్కొక్క సుద్దగీత గీయాలి. తరవాత ముందుకు చాచి ఉన్న ఎడమ పెడలును చేత్తో బలంగా కిందికి నొక్కి వదలాలి. ఏ వైపు గీత విరిగినట్లు పక్కకు జరిగి కనిపిస్తుందో ఆ వైపు పిన్ను వదులని అర్థం. రెండు వైపులా గీతలు చెదరకుండా ఉండి, క్రాంకులు రెండూ కలిసి ఎడమకూ కుడికీ ఊగుతూ ఉంటే లోపం పిన్నుది కాదు, గోళీలుండే కప్పు సడలిందన్నమాట. పెడలు ఒక్కటే ఊగుతూ ఉంటే దాని మర వదులై ఉండవచ్చు. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుందని, అంటే గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా తిప్పితేనే అది బిగుస్తుందని మరిచిపోయి బిగించేవారు ఉన్న మరను కూడా పాడుచేస్తారు.

పిన్నును తీయడంలోనే మెకానిక్కు నేర్పు తెలిసిపోతుంది. నట్టును పూర్తిగా విప్పకుండా, దాని పై అంచు మర కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి ఆపాలి. అప్పుడు సుత్తి దెబ్బ మర మీద ఒక్కదాని మీదే పడక నట్టు మీద కూడా పడుతుంది, మర కొస పువ్వులా విచ్చుకోదు. పిన్ను తల పట్టేంత బోలు ఉన్న ఇనుప గొట్టం ముక్కను, సరిగ్గా క్రాంకు నుంచి నేల దాకా అందే పొడవుకు కోసి, పిన్ను తల దానిలోకి దిగేట్లుగా క్రాంకు కింద ఆనించాలి. గొట్టం నేలలో దిగబడకుండా దాని కింద రాతిబండ ఒకటి ఉండాలి. ఈ గొట్టం పెట్టకుండా కొడితే దెబ్బ అంతా ఇరుసు ద్వారా గోళీల మీదికి వెళ్ళి, అవి నున్నని కప్పులో చిన్నచిన్న గుంటలు చేస్తాయి. అప్పటి నుంచి పెడలు గరగరమంటూ తిరుగుతుంది. కిలో బరువున్న సుత్తితో నిలువుగా పడిన ఒకే దెబ్బ చేసే పనిని చిన్న సుత్తితో కొట్టే ఇరవై దెబ్బలు చేయలేవు. అవి మరను నలగగొట్టడానికే పనికొస్తాయి. తుప్పు పట్టిన పిన్నుకు ముందురోజు రాత్రి రెండు వైపులా కిరోసినో డీజిలో చుక్కలుగా వేసి ఉంచడం మంచిది.

బయటికి వచ్చిన పిన్నును పారేయకముందు దాని చదును ముఖాన్ని వెలుతురులో చూడాలి, ఎందుకంటే జబ్బు ఏమిటో అక్కడే రాసి ఉంటుంది. ముఖమంతటా సమానంగా మెరుపు ఉంటే పిన్ను సరిగానే ఆనింది, దిగగొట్టడం చాలక వదులైంది. ఒక కొసన మాత్రమే మెరుపు ఉంటే వాలు కుదరలేదు. మధ్యలో అడ్డంగా గాడి పడి ఉంటే పిన్ను ఉక్కు మరీ మెత్తది. పిన్ను ఇరుసుకన్నా కొంత మెత్తగా ఉండడం అవసరమే, అరిగితే చవకైన పిన్నే అరగాలి గాని ఇరుసు కాదు. అయితే చేతిలో ఒకే పరిమాణంలో కనిపించే రెండు పిన్నుల్లో ఒకటి మైనంలా నలిగిపోయేదిగా ఉండవచ్చు. ఆకురాయితో ఒక్కసారి గీసి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

కొత్త పిన్నును అమర్చేముందు రంధ్రాన్నీ ఇరుసు గాడినీ గుడ్డతో తుడిచి, పిన్నును చేత్తో దూర్చి చూడాలి. మర కొస అవతలికి చాలినంత రాకపోతే చదును ముఖాన్ని ఆకురాయితో కొద్దికొద్దిగా, వాలు మారకుండా, అరగదీయాలి. రాపిడి మధ్యలో ఎత్తు మిగిలితే పిన్ను ఆ ఎత్తు మీదనే ఊగుతుంది కనుక ఇది తొందరపడే పని కాదు. రెండు పిన్నుల దిశ విషయంలో ఒక నియమం ఉంది: కుడి క్రాంకును ముందుకు చాచినప్పుడు దాని నట్టు పైకి కనిపిస్తూ ఉంటే, సగం చుట్టు తిప్పి ఎడమ క్రాంకును ముందుకు తెచ్చినప్పుడు దాని నట్టు కూడా పైకే కనిపించాలి. ఈ నియమం తప్పితే క్రాంకులు రెండూ ఒకే గీతలో ఉండక, తొక్కేవారి కాళ్ళకు ఒకటి ముందూ ఒకటి వెనకా అయినట్లు తోస్తుంది. దిశ సరిచూశాక చుక్క నూనె రాసి, గొట్టం ఆనింపు ఇప్పుడు పిన్ను మర వైపు పెట్టి, తల మీద సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు కొట్టి, ఆ తరవాతనే వాషరు వేసి నట్టును ఓ మోస్తరు బలంతో బిగించాలి. అంతటితో పని ముగియదు; నాలుగైదు కిలోమీటర్లు తొక్కిన తరవాత పిన్ను ముఖం గాడికి సర్దుకుంటుంది, అప్పుడు మళ్ళీ దెబ్బ వేసి నట్టును మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు చేయించుకోవడానికి షాపుకు తిరిగి వెళ్ళేవారు అరుదు, కొత్త పిన్ను వారం తిరక్కముందే వదులు కావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం కూడా ఇదే.

పిన్నుకూ రంధ్రానికీ మధ్య డబ్బా రేకు ముక్క చుట్టి దిగగొట్టడం పల్లె షాపుల్లో కనిపించే ఉపాయం. ఊరు చేరడానికి అది పనికొస్తుంది. రేకు రెండు రోజుల్లో నలిగి పొడి అవుతుంది కాబట్టి అంతకుమించి దాన్ని నమ్మడం దండగ. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయిన క్రాంకుకు ఎంత మంచి పిన్ను వేసినా నిలవదు, దాన్ని మార్చవలసిందే.

ఈ మధ్య పిల్లలు తొక్కే గేరు సైకిళ్ళలోనూ, లావు టైర్ల సైకిళ్ళలోనూ చాలావాటికి కాటర్ పిన్ను ఉండదు. ఫ్రాన్స్‌లోని సాంత్ ఎతియెన్‌కు చెందిన స్ట్రాంగ్‌లైట్ కంపెనీ 1933లో తెచ్చిన పద్ధతి ఇది: ఇరుసు కొస నలుపలకలుగా, ఒక్కొక్క పలక రెండు డిగ్రీల వాలుతో ఉంటుంది, క్రాంకులోని నలుపలకల రంధ్రాన్ని దానిపైకి ఎక్కించి, మధ్యలో ఒక బోల్టుతో లాగి బిగిస్తారు. ఇక్కడ సుత్తికి పని లేదు, క్రాంకును వాలు మీదికి లాగేది బోల్టే కనుక ఆ బోల్టు బిగువే ముఖ్యం. పావు మీటరు పొడవున్న పానా కొసను 15 కిలోల బలంతో లాగితే వచ్చే బిగువు దీనికి దాదాపుగా సరిపోతుంది. పొట్టి పానాతో మణికట్టు బలం మాత్రమే పెడితే చాలదు. క్రాంకు అల్యూమినియందైతే జాగ్రత్త మరీ అవసరం. వదులుగా ఉన్నప్పుడు కొద్ది దూరం తొక్కినా ఉక్కు ఇరుసు ఆ మెత్తని లోహపు రంధ్రం మూలలను గుండ్రంగా తినేస్తుంది, ఆ తరవాత బోల్టు ఎంత బిగించినా క్రాంకు నిలవదు, దానికి మరమ్మతు లేదు. ఊడదీయడానికి కూడా మరలున్న ప్రత్యేకమైన పుల్లరు కావాలి. వెనక నుంచి సుత్తితో కొట్టి ఊడగొట్టే షాపుకు అటువంటి సైకిలును ఇవ్వకపోవడమే మేలు.

గత దశాబ్దంలో బడికొస్తా పథకం కింద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్ళు ఇచ్చినప్పటి నుంచి, మండల కేంద్రాల్లోని బడి ఆవరణల్లో వరసగా నిలబెట్టిన సైకిళ్ళు మామూలు దృశ్యమయ్యాయి. వేసవి సెలవుల్లో వాడకం లేక తుప్పు పట్టిన ఆ సైకిళ్ళు జూన్‌లో ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి, వానలూ అప్పుడే మొదలవుతాయి. కిలో సుత్తి, కోసిన గొట్టం ముక్క, ఆకురాయి, రెండు సైజుల పానాలు, సుద్దముక్క, డజను కాటర్ పిన్నులు బడిలో ఒక పెట్టెలో ఉంచి, ఊళ్ళోని మెకానిక్కును బడి తెరిచిన వారంలో ఒక పూట, నాలుగైదు కిలోమీటర్లు తొక్కాక రెండో బిగింపుకు మరో పూట పిలిపిస్తే, ఏడాది పొడవునా పిల్లలు దారిలో సైకిలు నెట్టుకుంటూ నడిచే అవసరం చాలావరకు తప్పుతుంది.